లోహం గురించి అడిగారు, ఆయిల్ గురించి అడగలేదు

ఎంఆర్‌ఐ గదిలోకి పంపే ముందు స్కానింగ్ సెంటర్‌లో ఒక కాగితం చేతికిస్తారు. అందులో ప్రశ్నలన్నీ దాదాపు లోహం చుట్టూనే తిరుగుతాయి. గుండెకు పేస్‌మేకర్ ఉందా, ఎముకలో ప్లేట్లు, స్క్రూలు ఉన్నాయా, చెవిలో మిషన్ పెట్టారా, ఎప్పుడైనా కంట్లో ఇనుప రజను పడిందా. రెటీనా ఆపరేషన్ చేయించుకున్న పెద్దాయన అన్నిటికీ "లేదు" అని టిక్కు పెట్టి, వాచీ, ఉంగరం, మొలతాడు తీసి కొడుకు చేతికిచ్చి లోపలికి వెళ్తాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. కానీ ఆ కంట్లో నాలుగైదు మిల్లీలీటర్ల సిలికాన్ ఆయిల్ ఉండొచ్చు. కంటిగుడ్డు చుట్టూ సిలికాన్ రబ్బరు పట్టీ ఉండొచ్చు. ఇంకా పూర్తిగా కరగని గ్యాసు బుడగ ఉండొచ్చు. అయస్కాంతానికి వీటిలో దేనితోనూ పేచీ లేదు. పేచీ వచ్చేది బయట, తెర ముందు కూర్చుని ఆ బొమ్మలు చదివే రేడియాలజిస్టుకు.

రెటీనా ఆపరేషన్ తర్వాత ఎంఆర్‌ఐ అనగానే రెండు వేరువేరు సంగతులు కలగాపులగం అవుతుంటాయి. తీయడం క్షేమమేనా అన్నది ఒకటి. తీసిన బొమ్మలో కనిపించేది ఏమిటన్నది మరొకటి. మొదటిదానికి జవాబు చాలావరకు తేలిపోయింది. రెండోదానికీ జవాబులున్నాయి, కానీ అవి కావలసిన చోటికి కావలసిన వేళకు చేరడం లేదు. కారణం తేలిగ్గానే తెలుస్తుంది. ఈ కళ్లకు ఎంఆర్‌ఐ రాసేది సాధారణంగా కంటి డాక్టరు కాదు. పక్షవాతమనో, తలనొప్పి అనో, మూర్ఛ అనో న్యూరాలజిస్టు మెదడు స్కాన్ రాస్తాడు. కళ్లు కూడా ఆ చట్రంలోకి వచ్చేస్తాయి. షుగరు ముదిరి రెటీనా ఆపరేషన్ దాకా వెళ్లిన మనిషికే పక్షవాతం వచ్చే అవకాశమూ ఎక్కువ. తెలుగు జిల్లాల్లో షుగరు ఎంత పాతుకుపోయిందో చూస్తున్నవాళ్లకు ఈ రెండూ ఒకే మనిషిలో కలవడం వింతేమీ కాదు.

ముందు క్షేమం సంగతి చూద్దాం. కంటి వైద్యానికి అయస్కాంతం కొత్త కాదు. బెర్లిన్‌లో యూలియస్ హిర్ష్‌బెర్గ్ 1879లోనే విద్యుదయస్కాంతంతో కంట్లో దిగిన ఇనుప ముక్కను బయటికి లాగాడు. జూరిక్‌లో ఓటో హాబ్ 1892లో భారీ అయస్కాంతాన్ని పెట్టి, రోగి తలను దాని ముందుకు తెచ్చి ఇనుమును కంటి ముందు భాగానికి రప్పించేవాడు. వాళ్ల అయస్కాంతం వైద్యుడు చెప్పిన దిక్కుకు లాగేది. ఎంఆర్‌ఐ యంత్రం అలా కాదు. 1.5 టెస్లా యంత్రం భూమి అయస్కాంత బలానికి సుమారు 30,000 రెట్లు. రోగిని సొరంగంలోకి నెడుతున్నప్పుడు కంట్లో ఇనుము ఉంటే అది తనకు నచ్చిన దిక్కుకు తిరుగుతుంది, కదులుతుంది, దారిలో ఉన్నదాన్ని చీలుస్తుంది. 1986లో అమెరికా రేడియాలజీ పత్రికలో వచ్చిన ఒక కేసు ఈ భయానికి ఆధారం. రేకుల పని చేసే ఒక వ్యక్తి కంట్లో ఎప్పుడో దిగిన ఇనుప ముక్క, స్కాన్ తర్వాత కంటిలోపల రక్తస్రావానికి దారి తీసి, ఆ కంటి చూపు పోయింది. ఆ స్కాన్ తీసిన యంత్రం ఇప్పటి వాటికంటే చాలా బలహీనమైనది. కాగితంలో "ఇనుప రజను" ప్రశ్న చేరింది ఇటువంటి అనుభవం వల్లనే.

మన దగ్గర ఈ ప్రశ్నను మొక్కుబడిగా అడగకూడదు. విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ బాలానగర్ షెడ్లలోనో సుత్తి, ఉలి, గ్రైండింగ్ చక్రం దగ్గర జీవితమంతా గడిపినవాడికి "కంట్లో ఏదైనా పడిందా" అంటే నవ్వు వస్తుంది, రోజూ పడుతుంది. కంట్లో గుచ్చుకున్న ఇనుము రెటీనా ఆపరేషన్‌కు ఒక ముఖ్యమైన కారణం కూడా. ఆపరేషన్‌లో ముక్కను తీసేసి ఉంటే భయం లేదు. కానీ దెబ్బ తగిలినప్పుడు దిగినవి రెండు ముక్కలైతే? రెటీనాలో కూరుకుపోయిన చిన్న ముక్కను తీస్తే నష్టమే ఎక్కువని వదిలేసి ఉంటే? అందుకే ఇలాంటి చరిత్ర ఉన్నవాళ్లకు ముందు కళ్లకు ఎక్స్‌రే తీస్తారు, అనుమానం తీరకపోతే సన్నటి ముక్కలుగా సీటీ. సీటీ తీస్తే అర మిల్లీమీటరు లోపు లోహపు రజను కూడా సాధారణంగా దాక్కోలేదు.

ఇక సర్జన్లు తామై పెట్టినవి. రెటీనా శస్త్రచికిత్సలో ఏ దశాబ్దపు పద్ధతి ఆ దశాబ్దపు గుర్తును కంట్లో వదిలింది. అందుకని ఆపరేషన్ ఎప్పుడు జరిగిందో తెలిస్తే లోపల ఏముందో సగం తెలిసినట్టే. లోజాన్‌లో జూల్స్ గోనిన్ 1920లలో రెటీనాకు పడిన చిరుగును వెతికి, దాన్ని కాల్చి మూస్తే ఊడిన రెటీనా అతుక్కుంటుందని నిరూపించాడు. అంతవరకు రెటీనా ఊడిందంటే చూపు మీద ఆశ వదులుకోవడమే. ఆయన పద్ధతిలో కంట్లో మిగిలేది మచ్చ ఒక్కటే. 1949లో ఎర్న్‌స్ట్ కుస్టోడిస్ కంటి తెల్లగుడ్డు మీద బయటి నుంచి ఒక దిమ్మను కుట్టి, గోడను లోపలికి నొక్కి, చిరుగు దగ్గరికి చేర్చాడు. బోస్టన్‌లో చార్లెస్ షెపెన్స్ 1951 నుంచి ఆ ఆలోచనను బకిల్ శస్త్రచికిత్సగా తీర్చిదిద్దాడు. 1962లో పాల్ సిబిస్ రెటీనాను లోపలి నుంచి ఆనించి ఉంచడానికి సిలికాన్ ఆయిల్‌ను కంట్లోకి ఎక్కించాడు. మయామీలో రాబర్ట్ మాకెమర్ 1970లో కంటి మధ్యనున్న జెల్లీని కోసి పీల్చేసే విట్రెక్టమీని మొదలుపెట్టాడు. అదే ఊళ్లో ఎడ్వర్డ్ నార్టన్ 1973లో సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ (ఎస్ఎఫ్6) గ్యాసు గురించి రాశాడు. 1987లో స్టాన్లీ చాంగ్ నీటికంటే దాదాపు రెట్టింపు బరువుండే పెర్‌ఫ్లోరోకార్బన్ ద్రవాలను తెచ్చాడు. వీటిలో లోహం ఎక్కడా లేదు.

లోహం వచ్చేది చిల్లర సామానులో. పాత ఆపరేషన్లలో కంటి చుట్టూ పట్టీ వేసి, రెండు కొసలను టాంటాలం క్లిప్పుతో బిగించేవారు. టాంటాలం అయస్కాంతానికి అంటదు. చుట్టూ బొమ్మ కాస్త చెదురుతుంది, అంతే. రెటీనాను గోడకు బిగించడానికి 1980లలో కొందరు చిన్న మేకులు వాడారు. టైటానియం వంటి వాటితో చేసినవైతే ఇబ్బంది లేదు. ఐరోపాలో వాడిన ఒక రకం ఉక్కు మేకు మాత్రం అయస్కాంతానికి లొంగేది; ఎంఆర్‌ఐ భద్రతా జాబితాల్లో అది ఇప్పటికీ ప్రమాదకరమైనదిగానే ఉంటుంది. ఇప్పుడు ఆ మేకులు ఎవరూ వాడటం లేదనే చెప్పాలి. పట్టీ కొసలను కూడా చిన్న సిలికాన్ గొట్టంలో దూర్చి బిగిస్తున్నారు. కనుక ఈ మధ్య కాలంలో మన ఊళ్లలో రెటీనా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు ఆ ఆపరేషన్ కారణంగా ఎంఆర్‌ఐ కాదనాల్సిన అవసరం దాదాపు రాదు. కంట్లో ఆయిల్ ఉందని విని భయపడి స్కాన్ రద్దు చేసి ఇంటికి పంపడం జాగ్రత్త కాదు. పక్షవాతం వచ్చినవాడి విషయంలో అది నష్టం కూడా.

గ్యాసు ఉన్న కన్నుకు మాత్రం వేరే రకం జాగ్రత్త కావాలి. దానికీ అయస్కాంతానికీ సంబంధం లేదు. గ్యాసు పెట్టిన తర్వాత సర్జన్ "తల కిందికి దించుకుని ఉండండి, వెల్లకిలా పడుకోవద్దు" అని చెప్పి పంపుతాడు. ఎంఆర్‌ఐలో పడుకోవాల్సింది వెల్లకిలానే, అరగంటో ఇంకా ఎక్కువో. ఆ సేపూ బుడగ పైకి తేలి కటకానికి వెనకనుంచి ఆనుకుంటుంది. అత్యవసరం కాని స్కాన్ అయితే గ్యాసు కరిగేదాకా ఆగడమే మేలు. ఎస్ఎఫ్6 గ్యాసైతే రెండు వారాల మాట, సీ3ఎఫ్8 అనే మరో గ్యాసైతే రెండు నెలల దాకా. ఇంతకంటే పెద్ద ప్రమాదం మత్తు దగ్గర పొంచి ఉంటుంది. చిన్నపిల్లలకో, మూసిన గొట్టంలో పడుకోలేని భయస్థులకో మత్తు ఇచ్చి స్కాన్ తీస్తారు. ఆ మత్తులో నైట్రస్ ఆక్సైడ్ ఉంటే అది రక్తంలోంచి బుడగలోకి దూరి బుడగను ఉబ్బిస్తుంది. కంట్లో ఒత్తిడి పెరిగి రెటీనాకు రక్తం అందక చూపు శాశ్వతంగా పోయిన ఉదంతాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. అందుకే కొన్ని ఆసుపత్రుల్లో గ్యాసు పెట్టినవాళ్ల ముంజేతికి రంగు పట్టీ కడతారు. గ్యాసు పోయేదాకా విమానం ఎక్కొద్దని, కొండ ప్రయాణాలు వద్దని చెప్పేది కూడా ఈ ఉబ్బు గురించే. ఆపరేషన్ బాగా జరిగిందని తిరుమల మొక్కు తీర్చుకోవడానికి వెంటనే బయల్దేరేవాళ్లకు ఈ మాట గట్టిగా చెప్పాల్సి వస్తుంది. ముంజేతి పట్టీ మత్తు డాక్టరు కంటబడితే చాలు, ఆ కన్ను నిలబడుతుంది. చొక్కా చెయ్యి కిందికి లాగి దాన్ని దాచుకునేవాళ్లూ లేకపోలేదు.

ఇప్పుడు బొమ్మ దగ్గరికి. ఎంఆర్‌ఐ చూసేది హైడ్రోజన్‌ను. నీటిలో, కొవ్వులో ఉన్న హైడ్రోజన్ కేంద్రకాలు అయస్కాంతంలో ఒక నిర్ణీత పౌనఃపున్యంతో పలుకుతాయి. యంత్రం ఆ పలుకును విని బొమ్మ గీస్తుంది. హైడ్రోజన్ లేనిచోట నిశ్శబ్దం, అంటే నలుపు. కాబట్టి గ్యాసు నలుపు. పెర్‌ఫ్లోరోకార్బన్ ద్రవంలో హైడ్రోజన్ బదులు ఫ్లోరిన్ ఉంటుంది గనుక అదీ నలుపే. ఈ రెండిటినీ విడదీసేది రంగు కాదు, బరువు. వెల్లకిలా పడుకున్న మనిషిలో గ్యాసు పైకి, కనుపాప వైపుకు తేలుతుంది. పెర్‌ఫ్లోరోకార్బన్ చుక్కలు వెనక్కి, రెటీనా మీదికి జారుతాయి. ఆపరేషన్ చివర్లో దాన్ని తీసేస్తారు గానీ అక్కడక్కడ ఒకటి రెండు చుక్కలు మిగలడం మామూలే.

బకిల్ కూడా నలుపే. గట్టి సిలికాన్ రబ్బరు మామూలు స్కాన్‌లో పలకదు. స్కాన్‌కు ముందు పెద్దాయన తీసిచ్చిన మొలతాడు లాంటిదే ఇంకొకటి కంటి నడుముకు ఉంటుంది, అది తీసేది కాదు. నాలుగు కండరాల కిందుగా కంటిగుడ్డును చుట్టి, గోడను చుట్టూరా లోపలికి నొక్కి ఉంచుతుంది. అడ్డంగా తీసిన చిత్రంలో కంటికి రెండు వైపులా నల్లటి నొక్కులు కనిపిస్తాయి. ఇది తెలియనివాడు గోడ కుంగిందనుకోవచ్చు. అలా నొక్కినందువల్ల కన్ను ముందు నుంచి వెనక్కి కొద్దిగా, సుమారు ఒక మిల్లీమీటరు, సాగుతుంది. ఆపరేషన్ తర్వాత మైనస్ అద్దం పెరగడానికి కారణం అదే. సీటీలో వ్యవహారం ఇంకా తికమక. గట్టి రబ్బరు అక్కడ తెల్లగా కనిపిస్తుంది, గాలి గదులున్న స్పాంజి రకం గాలిలా నల్లగా కనిపిస్తుంది. రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి వచ్చినవాడి సీటీలో ఆ స్పాంజిని చూసి కంటి గూట్లోకి గాలి చేరిందని, ఎక్కడో ఎముక విరిగి ఉంటుందని వెతికే ప్రమాదం ఉంది.

బకిల్ చరిత్రలో ఒక చేదు అధ్యాయం మిరాజెల్‌ది. 1980ల ఆరంభంలో వచ్చిన హైడ్రోజెల్ బకిల్ అది. మెత్తగా ఉంటుంది, మందులను పీల్చుకుని మెల్లగా వదులుతుంది, కంటిని కోయదు అని సర్జన్లు మెచ్చుకుని వాడారు. పదేళ్లు, పదిహేనేళ్లు దాటాక అది నీరు పీల్చి ఉబ్బడం మొదలైంది. రెప్ప కింద గడ్డలా కనిపించడం, కన్ను అటూ ఇటూ తిరగకపోవడం, ఒకటి రెండుగా కనిపించడం, కొందరిలో గోడను తొలుచుకుని కంటి లోపలికే రావడం. 1990ల మధ్యలో దాని అమ్మకం ఆగిపోయింది గానీ వేసినవి కళ్లలో ఉండిపోయాయి. ఉబ్బిన మిరాజెల్ నీటితో నిండి ఉంటుంది కనుక టీ2 అనే రకం ఎంఆర్‌ఐ బొమ్మలో తళతళా మెరుస్తుంది, చుట్టూ పొర కాంట్రాస్టు మందును పట్టుకుంటుంది. చూడటానికి అచ్చం తిత్తి, లేదా చీముగడ్డ, లేదా కణితి. ఇరవై ఏళ్ల కిందటి ఆపరేషన్ గురించి ఎవరూ అడగక, రోగి చెప్పక, కణితి అనుకుని కోసి చూస్తే చేతికి ముక్కలు ముక్కలుగా విరిగిపోయే జెల్లీ తగిలిన కేసులు అచ్చయ్యాయి. విదేశాల్లో అప్పట్లో ఆపరేషన్ చేయించుకుని ఇప్పుడు ఇక్కడికి వచ్చి ఉంటున్న వృద్ధుల విషయంలో ఇది గుర్తు పెట్టుకోదగ్గ సంగతి. ఎంఆర్‌ఐ నిజంగా అక్కరకొచ్చే చోట్లలో ఇదొకటి: ఆ మెరుపు కంటి చుట్టూ పట్టీ ఆకారంలో వంగి ఉందని గమనిస్తే చాలు, చిక్కు విడిపోతుంది.

ఇక సిలికాన్ ఆయిల్. దీని గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే గందరగోళంలో సింహభాగం దీనిదే. గ్యాసులా ఇది మౌనంగా ఉండదు. దాని అణువు పొడవునా మిథైల్ గుంపులు, వాటి నిండా హైడ్రోజన్. కానీ ఆ హైడ్రోజన్ పలికే పౌనఃపున్యం నీటిదీ కాదు, కొవ్వుదీ కాదు. 1.5 టెస్లా యంత్రంలో కొవ్వు నీటికంటే సుమారు 220 హెర్ట్‌జ్ దిగువన పలికితే, సిలికాన్ సుమారు 300 హెర్ట్‌జ్ దిగువన పలుకుతుంది. 3 టెస్లాలో ఆ తేడా రెట్టింపు. యంత్రం పౌనఃపున్యాన్ని బట్టే స్థానాన్ని లెక్కగడుతుంది కనుక ఆయిల్ మొత్తాన్ని అసలు చోటు నుంచి ఒకటి రెండు పిక్సెళ్లు పక్కకు జరిపి గీస్తుంది. అందువల్ల ఆయిల్ బుడగకు ఒక అంచున నల్లటి చంద్రవంక, ఎదుటి అంచున తెల్లటి చంద్రవంక వస్తాయి. తెలియనివాళ్లకు ఆ నల్లటి వంకర గీత ఊడిన రెటీనాలా కనిపిస్తుంది. తెలిసినవాళ్లు పౌనఃపున్య దిశను మార్చి మళ్లీ తీయిస్తారు. గీత కూడా దిశ మారిస్తే అది రెటీనా కాదని తేలిపోతుంది. మామూలుగా ఆయిల్ టీ1 అనే రకం బొమ్మలో నీటికంటే కొద్దిగా తెల్లగా, టీ2లో నీటికంటే నల్లగా ఉంటుంది. కొవ్వును అణచే పద్ధతి వాడితే సిలికాన్ కూడా కొంత అణగొచ్చు. యంత్రాన్ని ఎలా సర్దారన్నదాన్ని బట్టి ఒకే కన్ను రెండు సెంటర్లలో రెండు రకాలుగా కనిపించిందంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. రొమ్ములో పెట్టిన సిలికాన్ సంచులు కారుతున్నాయా అని చూడటానికి సిలికాన్‌ను మాత్రమే చూపే పద్ధతులు ఎంఆర్‌ఐ యంత్రాల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. వాటిని కంటికి వాడుకోవచ్చు. వాడుకోవాలని తట్టాలంటే మాత్రం కంట్లో ఆయిల్ ఉందని ముందు తెలియాలి.

తెలియకపోతే ఏమవుతుందో చెప్పడానికి సీటీ మంచి ఉదాహరణ. సీటీలో ఆయిల్ తెల్లగా, రక్తం కంటే ఎక్కువ సాంద్రంగా కనిపిస్తుంది. పడిపోయి తలకు దెబ్బ తగిలి వచ్చినవాడి కన్ను నిండా తెల్లగా ఉంటే రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరు "కంట్లో రక్తస్రావం" అని రాసేస్తాడు. ఇందులో ఆయనను తప్పుపట్టలేం. రక్తం కిందికి దిగుతుంది, మామూలు ఆయిల్ పైకి తేలుతుంది అన్నది పాత చిట్కా. ఆయిల్ సాంద్రత 0.97, నీటికంటే ఓ పిసరు తక్కువ. కానీ కంటి కింది భాగాన్ని ఆనించి ఉంచడం కోసం ఇప్పుడు బరువు ఆయిల్ కూడా వాడుతున్నారు, డెన్సిరాన్ వంటిది, సాంద్రత 1.06. అది కిందికే దిగుతుంది. అక్కడ చిట్కా తలకిందులు.

ఆయిల్ చేసే అసలు వింత ఇంకొకటి ఉంది. కొద్దిమందిలో, ముఖ్యంగా కంట్లో ఒత్తిడి చాలాకాలం ఎక్కువగా ఉన్నవాళ్లలో, ఆయిల్ చూపు నరం వెంబడి వెనక్కి పాకి, మెదడులోని నీటి గదుల దాకా చేరుతుంది. అరుదే గానీ ఒకటి రెండు కేసుల ముచ్చట కాదు. పలు దేశాల నుంచి నివేదికలు వచ్చాయి. మెదడు స్కాన్‌లో నీటి గదుల ముందు కొమ్ముల్లో తెల్లటి చుక్క కనిపిస్తుంది. దాన్ని రక్తం అనుకుంటే, గుండెకు వేసుకుంటున్న రక్తం పలచబడే మందులు ఆపేస్తారు, ఐసీయూలో పెడతారు, కొన్నిసార్లు ఇంకా ముందుకు వెళ్తారు. రక్తం అయితే వెల్లకిలా పడుకున్నవాడిలో వెనక కొమ్ముల్లో చేరాలి, ఇది ముందు కొమ్ముల్లో తేలుతోంది కదా అని ఎవరైనా ఆగితే, తర్వాత చేయాల్సింది సులువు: రోగిని బోర్లా పడుకోబెట్టి మళ్లీ తీయడం. చుక్క స్థానం మారి మళ్లీ పైకే తేలుతుంది. ఎంఆర్‌ఐలో అయితే ఆ చుక్క అంచుల్లోనూ కంట్లో చూసిన నల్ల, తెల్ల చంద్రవంకలే కనిపిస్తాయి. కంటిని, మెదడును పక్కపక్కన పెట్టి చూసే అలవాటున్న రేడియాలజిస్టుకు ఇది నిమిషం పని. రిపోర్టులో కళ్ల గురించి "మామూలుగానే ఉన్నాయి" అని ఒక అచ్చుముక్క అతికించి ముందుకు వెళ్లేవాడికి ఎప్పటికీ దొరకదు.

మరి రెటీనా అతుక్కుందా లేదా చూడటానికి ఎంఆర్‌ఐ పనికొస్తుందా? ముక్కుసూటిగా చెబితే, చాలావరకు రాదు. రెటీనా మందం పావు మిల్లీమీటరు. మామూలు మెదడు స్కాన్ 5 మిల్లీమీటర్ల మందాన కోస్తుంది. 24 మిల్లీమీటర్ల కన్ను అందులో నాలుగైదు ముక్కల్లో అయిపోతుంది. కంటికోసమే తీసే స్కాన్‌లో 2, 3 మిల్లీమీటర్లకు దిగినా, మధ్యలో రెప్పలు కొట్టుకుంటాయి, గుడ్డు తిరుగుతుంది, బొమ్మ అలుక్కుపోతుంది. అదే ఓసీటీ అయితే కాంతితో కొన్ని మైక్రాన్ల వివరం చూపిస్తుంది, క్షణాల్లో అయిపోతుంది. మాక్యులా చిల్లు మూసుకుందా, కింద నీరు చేరిందా అన్నది దాన్ని అడగాలి, ఎంఆర్‌ఐని కాదు. కాంతి లోపలికి పోని కంటికి, అంటే కనుపాప తెల్లబడినప్పుడో లోపల రక్తం నిండినప్పుడో, బి-స్కాన్ అల్ట్రాసౌండ్ ఉంది. చౌక, కుర్చీలో కూర్చోబెట్టే చేయొచ్చు.

అల్ట్రాసౌండ్ తడబడేది ఆయిల్ దగ్గర, గ్యాసు దగ్గర. గ్యాసులోంచి శబ్దం అసలు పోదు. ఆయిల్‌లో పోతుంది గానీ నత్తనడక: నీరులాంటి కంటి ద్రవంలో సెకనుకు 1,532 మీటర్లు వెళ్లే శబ్దం ఆయిల్‌లో సుమారు 980 మీటర్లే వెళ్తుంది. యంత్రం పాత వేగంతోనే లెక్క కడితే 24 మిల్లీమీటర్ల కన్ను 33 మిల్లీమీటర్లుగా కనిపిస్తుంది, వెనక గోడ మసకబారుతుంది. ఎంఆర్‌ఐకి ఈ బాధ లేదు. కాంతికీ శబ్దానికీ దారి మూసుకుపోయిన ఆయిల్ కంట్లో రెటీనా పూర్తిగా ఊడిందా అని తెలుసుకోవాలంటే అప్పుడు అది అర్థవంతమైన పరీక్ష. ఊడిన రెటీనా చూపు నరం దగ్గర అంటుకుని, ముందుకు రెండు రెక్కలుగా విచ్చుకుంటుంది. దాని వెనకుండే కోరాయిడ్ పొర ఉబ్బితే గోడల నుంచి రెండు గుండ్రని ఉబ్బులు లోపలికి వస్తాయి, నరం దాకా సాధారణంగా పోవు. ఆపరేషన్ తర్వాత కంటి ఒత్తిడి మరీ పడిపోయినప్పుడు రెండోది ఎక్కువ. ఈ రెండిటి తేడా మామూలు యంత్రంలోనూ తెలుస్తుంది. లోపలి రక్తం వయసు కూడా కొంత చెప్పొచ్చు: తొలిరోజుల్లో టీ2లో నల్లగా ఉండి, తర్వాత టీ1లో తెల్లబడుతుంది.

ఇంకో అవసరం కంటి బయట ఉంటుంది. బకిల్ వేసిన కన్ను ఎర్రబడి, చీము పట్టి, నొప్పి తగ్గకపోతే ఆ వాపు వెనక్కి ఎంతదూరం పాకిందో ఎంఆర్‌ఐ బాగా చూపిస్తుంది. ఆపరేషన్ తర్వాత రెండు బొమ్మలు కనిపిస్తుంటే, పట్టీ కింద ఏ కండరం జరిగిందో, ఏది అతుక్కుందో చూసుకుని మెల్లకన్ను సర్జన్ తన పని మొదలుపెడతాడు. ఊడిన రెటీనా కింద మెలనోమా కణితి దాగి ఉందేమో అన్న అనుమానానికీ ఇదే మంచి దారి. మెలనిన్ రంగు వల్ల ఆ కణితి టీ1లో తెల్లగా, టీ2లో నల్లగా కనిపించి, కాంట్రాస్టు పట్టుకుంటుంది, గడ్డకట్టిన రక్తం పట్టుకోదు. మన దేశస్థుల కళ్లలో ఈ కణితి పాశ్చాత్యుల కంటే తక్కువ గనుక ఇక్కడ ఆ అవసరం అరుదుగానే పడుతుంది.

పరిశోధనల్లో ఉత్సాహం ఎక్కువగానే ఉంది. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో కంటికి అంటిపెట్టుకునే చిన్న కాయిల్, 7 టెస్లా యంత్రం కలిపి కంటి కణితులను కొలుస్తున్నారు. రోగి రెప్ప వేయాల్సిన క్షణాన్ని యంత్రమే సూచించే పద్ధతులూ వచ్చాయి. డెట్రాయిట్‌లో బ్రూస్ బెర్కోవిట్జ్ బృందం ఎంఆర్‌ఐతో కంటి ద్రవంలో ఆక్సిజన్‌ను కొలిచింది. జెల్లీ తీసేసిన కంట్లో ఆక్సిజన్ కటకం దాకా చేరడం వల్లే విట్రెక్టమీ తర్వాత శుక్లం త్వరగా వస్తుందన్న వాదనకు ఇలాంటి కొలతలు ముఖ్యం. మామూలు స్కాన్‌లో నలుపు అని వదిలేసే పెర్‌ఫ్లోరోకార్బన్ చుక్కను ఫ్లోరిన్‌కు సరిపడా సర్దిన యంత్రంతో చూస్తే అదొక్కటే వెలుగుతుంది. ఇవన్నీ ముచ్చటైనవే. మన జిల్లా కేంద్రంలోని 1.5 టెస్లా యంత్రానికి ఇవి దిగి రావడానికి మాత్రం చాలా కాలం పడుతుంది, వచ్చినా ఓసీటీ పని ఓసీటీదే.

అక్కడ ఇప్పుడు కావలసింది ఇంతకంటే చిన్నది. పేరున్న కంటి ఆసుపత్రుల్లో ఆపరేషన్ చేసి ఇచ్చే డిశ్చార్జి కాగితంలో ఏ కంటికి, ఏ తేదీన, ఏ ఆయిల్, ఏ గ్యాసు, ఏ పట్టీ అన్నది ఇంగ్లీషులో స్పష్టంగానే ఉంటుంది. ఆ కాగితం ఇంట్లో బీరువాలో ఉంటుంది, రోగి మాత్రం స్కానింగ్ బల్ల మీద ఉంటాడు. టెక్నీషియన్ "కంటి ఆపరేషన్ ఏమైనా అయిందా అండీ" అంటే "ఆఁ, శుక్లాలు తీశారు" అనేవాళ్లే ఎక్కువ, రెటీనాకు చేసినా సరే. "కంట్లో ఆయిలు గానీ గ్యాసు గానీ పెట్టారా, తల దించుకుని పడుకోమన్నారా" అని అడిగితే వెంటనే గుర్తొస్తుంది. ఆ వారం రోజుల మెడనొప్పిని ఎవరూ మర్చిపోరు. ఇదే సమయంలో కాటుక, మస్కారా తుడిపించడం కూడా అవసరం. వాటిలో ఇనుప ఆక్సైడు ఉంటే సరిగ్గా కంటి దగ్గరే బొమ్మ వంకరపోతుంది.

ఆయిల్ తీసేశారని రోగి చెప్పినా ప్రశ్న అక్కడితో ఆపకూడదు. కంట్లో నెలల తరబడి ఉన్న ఆయిల్ చిన్న చిన్న బిందువులుగా విడిపోతుంది, వాటన్నిటినీ కడిగి తీయడం ఏ సర్జన్‌కూ పూర్తిగా సాధ్యం కాదు. రెండేళ్ల తర్వాతి స్కాన్‌లోనూ కంటి పై భాగంలో, అరుదుగా చూపు నరంలో, అవి చుక్కలుగా కనిపిస్తాయి. కనుక స్కాన్ రాసే చీటీలో ఆయిల్ పెట్టిన తేదీ ఉండాలి, తీసిన తేదీ కూడా ఉండాలి.